బయటి నుంచి వేసిన తాళం

ఆ మధ్య మా స్కూలుకు ఫైరింజన్ వాళ్లు వచ్చి డ్రిల్ చేయించారు. బెల్లు మోగగానే పిల్లలు వరసగా మెట్లు దిగి గ్రౌండులోకి రావాలి, టీచరు తన క్లాసును లెక్కపెట్టి చెప్పాలి. అంతే పని. మా ఆరో తరగతి వాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ, కిసకిసా నవ్వుకుంటూ దిగారు. నేను లెక్కపెట్టాను. ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన అట్ట మీద కాగితం పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "లోపల ఎవురన్నా ఉండారా మేడమ్?" అని అడిగాడు.

నేను పిల్లల్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆయన మళ్లీ అడిగాడు. పక్కనున్న లెక్కల టీచరు నన్నొక చూపు చూసి, "ఎవరూ లేరు సార్, అందరూ వచ్చేశారు" అని నా బదులు చెప్పేసింది. నేను మాత్రం ఊరుకోలేక మళ్లీ మెట్లెక్కి, క్లాసు తలుపు తీసి, బెంచీల కింద కూడా వంగి చూసి వచ్చాను. పిల్లలు ఒకటే నవ్వు. మేడమ్‌కు ఏమో అయిందని ఆ రోజంతా స్కూల్లో అదే మాట.

ఏమీ కాలేదు. ఆ ప్రశ్న పన్నెండేళ్ల వయసులో నన్ను ఒకాయన అరబ్బీలో అడిగాడు. అప్పుడు తడుముకోకుండా జవాబు చెప్పాను. ఆ జవాబు వల్ల ఒక మనిషి కాలు పోయింది. ప్రాణం పోవలసింది, కాలితో సరిపోయింది. ఈ సంగతి పూర్తిగా నాకూ, సగం మా అమ్మకూ తప్ప ఎవరికీ తెలియకుండా ఇన్నేళ్లు దాచాను.

అప్పట్లో మేం సౌదీలో, హాయిల్‌కు గంట దూరంలో ఒక పెద్ద పొలంలో ఉండేవాళ్లం. గోధుమ, బంగాళాదుంప, పశువులకు బర్సీమ్ గడ్డి. బోరు నీళ్లు చల్లే పొడవాటి ఇనుప యంత్రం చక్రాల మీద గుండ్రంగా తిరిగేది. అది తిరిగినంత మేర పచ్చగా ఉండేది, దాని అంచు దాటితే ఇసుకే. నాయన ఆ పొలంలో మోటార్ల మెకానిక్కు. మాది కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె. మేం దూదేకుల వాళ్లం. నమాజు మాత్రం అరబ్బీలో, తక్కిన బతుకంతా తెలుగులో. నేనేమో వ్యానులో ఊళ్లోకి బడికి పోయి, సాయంత్రం ఈజిప్టు ఇంజినీరు గారి పిల్లలతో ఆడుకుని, అరబ్బీ గడగడా మాట్లాడేదాన్ని. ఆ అరబ్బీ చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

మాకిచ్చినవి సిమెంటు ఇటుకల వరస గదులు, పైన రేకులు. రెండు గదులు మావి. మూడోది స్టోరు, దానికి ఇనుప తలుపు, కిటికీ లేదు. అందులో యూరియా బస్తాలు, పాత పంపులు, పైపులు. తలుపు తీస్తే ముక్కుకు ఘాటుగా కొట్టేది. కాస్త ఎడంగా ఇంజినీరు గారి ఇల్లు. ఆయన భార్య మిద్దె మీద చెక్క గూళ్లు పెట్టి పావురాలను పెంచేది. మా గదుల వెనకే వాది, అంటే ఎండిపోయిన వాగు. నేను ఆ వాగులో రాళ్లేరుకుని ఆడుకున్నానే గానీ చుక్క నీరు చూడలేదు.

అయినా మా అమ్మ ఏటా చలిగాలి మొదలవగానే వరద మూట కట్టేది! నేను పుట్టకముందు నది పొంగి వాళ్ల ఇల్లు కూలిపోయిందట. మనుషులు బతికారు గానీ ఒక్క కాగితం మిగల్లేదు. రేషన్ కార్డు కోసం, పట్టా కోసం మా తాత ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాడని అమ్మ ఎప్పుడూ చెప్పేది. అందుకే ఆమె మూటలో మొదట కాగితాలు. పాస్‌పోర్టులు, ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డులు, నా మార్కుల కార్డులు అన్నీ రెండు ప్లాస్టిక్ సంచుల్లో. తర్వాత మందు సీసాలో పోసిన అగ్గిపుల్లలు, టార్చి, తాడు, కొవ్వొత్తులు, ఖర్జూరాలు, గ్లూకోజ్ బిస్కెట్లు, ఊరి నుంచి తెచ్చిన బొరుగులు. అన్నీ పాత దుప్పటిలో కట్టి బీరువా మీద పెట్టేది.

"ఎడారిలో వరదంట! బయట ఒంటెలుండాయి, వాటికి ఈత నేర్పిచ్చు పో," అని నాయన ఎగతాళి చేసేవాడు.

"నవ్వు నవ్వు. నీళ్లు వచ్చేటప్పుడు నీకు చెప్పి రావు," అనేది అమ్మ, ముడి ఇంకాస్త బిగిస్తూ.

మా మామ ఆ ఏడాదే మా దగ్గరికి వచ్చాడు. సొంత మామ కాదు. జగిత్యాల వైపు మనిషి, తాపీ పని. అమ్మను చెల్లె అన్నాడు, అమ్మ ఆయన్ను అన్నా అంది, నాకు మామ అయిపోయాడు. రియాద్‌లో ఆయన పని చేసిన కంపెనీలో సౌదీ వాళ్లు తక్కువని, స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకాత్ రూలు కింద ఎర్ర రంగులో వేశారు. ఎర్రలో పడిన కంపెనీకి ఎవరి ఇకామానూ రెన్యువల్ చేయించే వీలుండదు. దానికి తోడు మనిషికింత అని లెవీ. యజమాని చేతులెత్తేసి, పనివాళ్లు పారిపోయారని ఫిర్యాదు రాసి పడేశాడు. దాన్ని హురూబ్ అంటారు. పారిపోయింది ఆయన, పేరు వీళ్లది. సర్కారు గడువిచ్చి కాగితాలు సరిచేసుకోమంది. మా పొలం కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, "నా పేరు మీదికి మార్పిస్తా, బుక్రా, బుక్రా," అంటూ రేపటి మీద రేపు పెట్టాడు. గడువు కాస్తా అయిపోయింది. జీపుల్లో తిరిగి పట్టుకోవడం మొదలైంది.

అమ్మ ఆ ఏడు మూట కడుతూ, "అన్నా, నీ కాగితం కూడా ఇయ్యి, దీంట్లో పెడ్తా," అంది.

మామ పకపకా నవ్వాడు. చెల్లిపోయిన ఇకామా జిరాక్సు మడత విప్పి ఇచ్చి, "పెట్టు చెల్లె. దీన్ని సూస్తే వరద గూడ ఎనకకు పోతది," అన్నాడు.

మామ అంటే నాకు ప్రాణం. ఖుబ్జ్ రొట్టెను పచ్చిపులుసులో ముంచుకు తినడం, బర్సీమ్ కాడతో పీక చేసి ఊదడం ఆయనే నేర్పాడు. శుక్రవారం శుక్రవారం గిన్నెకు పిండి అద్ది, నువ్వులు, వెల్లుల్లి, కరివేపాకు వేసి సర్వపిండి చేసేవాడు. ఆ మాడు వాసన వచ్చిందంటే ఇంజినీరు గారి పిల్లలు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చి కూర్చునేవాళ్లు.

ఆయన నాకు ఇంకొక ఆట కూడా నేర్పాడు. రోడ్డు మీద నెత్తిన లైటు తిరిగే బండి కనబడిందా, ఆయన స్టోరులోకి దూరి యూరియా బస్తాల వెనక దాక్కుంటాడు. నేను బయట తాళం వేసి, చెవి గుప్పిట్లో పెట్టుకుని, మెట్టు మీద పుస్తకం తెరుచుకుని కూర్చోవాలి. ఎవరైనా లోపల ఉన్నారా అని అడిగితే, "మాఫీ అహద్," ఎవరూ లేరు. ఈ తాళం ఏమిటంటే, "మఖ్జన్," గోదాము. అంతకు మించి ఒక్క మాట మాట్లాడకూడదు. ఎన్నిసార్లు చేయించాడో! గడియారం చూసి, "ఇరవై సెకండ్లు. మస్తు, బిడ్డా!" అని చాక్లెట్ పెట్టేవాడు. రెండుసార్లు నిజంగానే జవాజాత్ వాళ్లు వచ్చారు, కాగితాలు చూసే పోలీసులు. రెండుసార్లూ పారింది. పుస్తకంలోంచి తల కూడా సరిగ్గా ఎత్తకుండా చెప్పానని మామ నాయనకు పదిసార్లు చెప్పి మురిసిపోయాడు.

అమ్మకు మాత్రం గుండె దడ. "ఎవురడిగినా లేరనే చెప్పు. నోరు జారినావంటే మామతో పాటు మీ నాయన్ను కూడా తీస్కపోతారు, ఇంట్లో పెట్టుకున్నందుకు," అని పొద్దున లేస్తే అదే పాట.

చూడండి, ఒక ఇంట్లో రెండు ఆపదలకు రెండు తయారీలు. నీళ్లొస్తే ఏం చేయాలో అమ్మ చెప్పింది, జీపులొస్తే ఏం చేయాలో మామ చెప్పాడు. రెండూ ఒకేరోజు వస్తే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

ఇక నా ఘనకార్యం. వరద మూటలోంచి బిస్కెట్లు, ఖర్జూరాలు దొంగిలించి తినేదాన్ని. కుర్చీ వేసుకుని, పైనున్న ముడి వదులు చేసి, మళ్లీ అలాగే బిగించేసేదాన్ని. మామ ఒకసారి చూసి, "తిను గని, మల్ల కొని పెడదాం తియ్," అని నిజంగానే తెచ్చి పెట్టాడు. రెండోసారి నేను తాడు తీసి ఇంజినీరు గారి పిల్లలకు ఉయ్యాల కట్టాను. తాడు తెగింది. అగ్గిపుల్లల సీసాలో పుల్లలు పారబోసి పావురాల ఈకలు పెట్టుకున్నాను. ఈసారి మామ ఊరుకోలేదు. నేరుగా వెళ్లి అమ్మకు చెప్పేశాడు.

అమ్మ వీపు విమానం మోత మోగించింది. దెబ్బల కంటే మామ చెప్పాడన్న కోపమే నాకు ఎక్కువ. "నీ రహస్యం నేను దాచడం లేదా? నాది నువ్వెందుకు చెప్పినావ్?" అని మొహం మీదే అడిగేశాను.

"అది పానాలు నిలవెట్టే సామాను, బిడ్డా. దాంతోని ఆటలా?" అన్నాడు, మెత్తగానే.

నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడో రోజు శుక్రవారం. అప్పటికి రెండు రోజులుగా వాన, ఆగి ఆగి. తడిసిన దుమ్ము వాసన, డీజిలు వాసన, రేకుల మీద చెవులు చిల్లులు పడే చప్పుడు. మామ పొద్దున్నే నా కోసమని సర్వపిండి చేశాడు. నేను కంచం పక్కకు నెట్టేశాను. మధ్యాహ్నానికి వాగులో ఎర్రగా సన్నటి పాయ కదిలింది. అమ్మ బీరువా మీది మూట దించి, కొత్త తాడు, కొత్త అగ్గిపుల్లలు పెట్టి మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. నాయన ఈసారి నవ్వలేదు. పొలం అవతలి కొసన ఉన్న మోటార్లు మునగకముందే పైకి లాగాలని మామను తీసుకుని వెళ్లాడు.

కాసేపటికి మామ ఒక్కడే తడుస్తూ పరిగెత్తుకుంటూ వచ్చాడు. పెద్ద పానా మరిచిపోయారట. నేను మెట్టు మీద కూర్చుని ఉన్నాను. అమ్మ లోపలి గదిలో ఉంది, ఆమెకు ఆయన వచ్చినట్టే తెలియదు.

"ఇంకా అలకనేనా? సర్వపిండి సల్లారుతుంది, తినుపో," అన్నాడు.

నేను మొహం తిప్పుకున్నాను. అటు తిప్పినందుకే రోడ్డు కనబడింది. వానలో ఎర్రగా, నీలంగా లైటు తిరుగుతూ మా వైపే వస్తోంది. నేను చెయ్యి చూపించాను. మామ చూశాడు. పానా పట్టుకునే స్టోరులోకి దూరాడు. "తాళం, బిడ్డా!" అన్నాడు. వేశాను. అంత త్వరగా ఎప్పుడూ వేయలేదు.

ముందు ఒక జీపు, వెనక పెద్ద లారీ. జీపులోంచి యూనిఫారంలో ఒక కుర్రవాడు దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. పైన వాగు తెగి వస్తోందని, వెంటనే లారీ ఎక్కాలని అరిచాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

"మాఫీ అహద్," అన్నాను.

తాళం వైపు వేలు చూపాడు. "మఖ్జన్," అన్నాను.

"షాతిరా," అని నా తల మీద చెయ్యి వేశాడు. తెలివైన పిల్ల అని. అప్పుడు వెనక నుంచి ఆ చప్పుడు వినబడింది, రాళ్లు దొర్లుకుంటూ వస్తున్న చప్పుడు. అమ్మ మూట నెత్తిన పెట్టుకుని, నా రెక్క పట్టుకుని లారీ ఎక్కించింది.

ఎక్కాక చూశాను, లారీ తలుపు మీద అరబ్బీలో రాసి ఉంది. దిఫా మదనీ. వరదల్లో, మంటల్లో మనుషుల్ని కాపాడే వాళ్లు. వాళ్లు కాగితాలు అడిగే వాళ్లు కారు. నాకు చదవడం వచ్చు. చదివాను. అర్థమైంది. చెవి నా గుప్పిట్లో ఉంది.

లారీ కదల్లేదు. ఇంజినీరు గారి భార్య పావురాలను వదిలి రానని మళ్లీ మిద్దెక్కింది. ఇద్దరు మనుషులు ఆమె వెనక పరిగెత్తారు. గూళ్లు ఒక్కొక్కటీ దించారు. పది నిమిషాలు పట్టింది. ఇంజను గురగురమంటూనే ఉంది. స్టోరు తలుపు నాకు ఎదురుగా, రాయి విసిరితే తగిలేంత దూరంలో ఉంది. నీళ్లు మెట్టు దాకా వచ్చాయి.

"మామ మీ నాయన కాడనే ఉండాడు గదా?" అంది అమ్మ.

నేను తలూపాను. అమ్మ ఒళ్లోని మూటలో మామ ఇకామా జిరాక్సు ఉంది. మామ కాగితం లారీ ఎక్కింది, మామ ఎక్కలేదు.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను వెయ్యిసార్లు ప్రశ్నించుకున్నాను. చెబితే ఆయన్ను పట్టుకుంటారు, నాయన్ను జైల్లో వేస్తారు అని భయం. అది నిజం. నీళ్లు మోకాళ్లు దాటవులే అనుకున్నాను. అదీ నిజమే. కానీ ఇంకొకటి ఉంది, అది అమ్మకు కూడా చెప్పలేదు. ఆ తలుపు వైపు చూస్తూ, నా మీద చాడీలు చెప్పాడుగా, కాసేపు ఉండనీ అని నాలో నేను అనుకున్నాను. ఆ మాట నా మనసులో ఎంత స్పష్టంగా పలికిందో ఇప్పటికీ గుర్తుంది. ఛీ, అంత చిన్న తాడు ముక్క కోసం!

పావురాలు ఎక్కాయి. లారీ కదిలింది.

మమ్మల్ని ఊళ్లో ఒక బడిలో దింపి దుప్పట్లు, టీ, రొట్టెలు ఇచ్చారు. సాయంత్రం అయిందో లేదో నాయన ఫోన్ చేశాడు. మిట్ట మీద క్షేమంగా ఉన్నాడు. అమ్మ, "అన్న నీతోనే ఉండాడు గదా?" అంది. అవతల నాయన అరుపు నాకు కూడా వినబడింది. "పానా కోసమని మీ కాడికే వచ్చినాడు గదే!"

అమ్మ నా వైపు తిరిగింది. నేను గుప్పిట విప్పాను. చెవి అచ్చు అరచేతిలో పడింది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఫోనులో, "స్టోర్లో ఉండాడు, తాళమేసి ఉంది, పరిగెత్తు," అని మాత్రం అంది.

నాయన పొలంలోని లోడరు ఎక్కి నీళ్లలో పడి వెళ్లాడు. చీకటి పడేలోపే మామ కనబడ్డాడు, రేకుల మీద. లోపల ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. నీళ్లు పెరిగే కొద్దీ యూరియా బస్తాల మీద ఎక్కి నిలబడ్డాడట. "నీళ్లు తాకిన బస్తాలు చక్కెర తీర్గ కరుగుడు వెట్టె. అవి కిందికి, నేను కిందికి. గదవ దాక అచ్చినయి," అన్నాడు. చేతిలో ఉన్న పానాతో రేకు పగలగొట్టి బయటపడ్డాడు. పైకి ఎక్కేటప్పుడు రేకు అంచు కుడి పిక్కను ఎముక దాకా చీరేసింది. ఎరువు నీళ్లలో నానిన కాలు అది, ఆ మురికంతా గాయంలోకి దిగింది.

రెండో రోజు మేం ఇంటికి వచ్చాక నాయన అందరి ముందూ అడిగాడు. "చెప్పడానికి ఏమైంది మీకు?"

నేను నోరు తెరవకముందే అమ్మ అందుకుంది. "ఎక్కంగానే తోలుకొని పాయిరి. చెప్పేదానికి సందు యాడిచ్చినారు?" అలా అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. ఆమె ఆ లారీలోనే ఉంది. పది నిమిషాల సంగతి ఆమెకు తెలుసు.

"పోనీ బావా, పొల్లనేమనకు," అన్నాడు మామ మంచం మీద నుంచి. "నేను నేర్పిందే చేసింది."

ఇకామా లేని మనిషిని ఆసుపత్రికి తీసుకుపోవాలంటే అందరికీ భయం. మూడు వారాలు మందుల షాపు బిళ్లలతో, డెటాల్ గుడ్డలతో నెట్టుకొచ్చారు. గాయం కడగడానికి వేడినీళ్లు నేనే తెచ్చేదాన్ని. మొదట డెటాల్ వాసన, తర్వాత దాన్ని మించిన ఇంకో వాసన. ఆయన మాత్రం బర్సీమ్ కాడ ఊది నన్ను నవ్వించాలని చూసేవాడు. కాలు నల్లబడ్డాక కఫీల్ కారులో వేసుకుని వెళ్లాడు. ఆసుపత్రి, అక్కడి నుంచి పోలీసులు, వేలిముద్రలు, విమానం. కరీంనగర్‌లో మోకాలి కింద తీసేశారని ఫోన్ వచ్చింది.

ఆ తర్వాత అమ్మ వరద మూట కట్టలేదు. ఎందుకని నాయన కూడా అడగలేదు. కొన్నేళ్లకు కుటుంబంలో తలకింత అని లెవీ పెట్టారు. ముందు ఇంజినీరు గారి భార్యాపిల్లలు, తర్వాత మేము ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వచ్చేశాం. నాయన ఇంకో ఏడాది ఉండి వచ్చాడు. ఇప్పుడు ఫోనులో మ్యాపు తెరిచి పై నుంచి చూస్తే ఆ పచ్చటి గుండ్రాలు లేవు. మా గదులున్న చోట ఇసుక తప్ప ఏమీ కనబడదు.

డ్రిల్ జరిగిన సాయంత్రమే అమ్మతో అన్నాను, మామ దగ్గరికి పోయి చెప్పేస్తానని. అమ్మ బియ్యం ఏరుతోంది. "ఏంటికి? చెప్తే ఆయన కాలు వస్తాదా? నీ బరువు దించుకునేదానికి ఆయన నెత్తిన పెడ్తావా?" అంది. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పొద్దనే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని ఎగిరాను. ఆ శనివారమే బస్సెక్కాను.

మామ వాకిట్లో రేకుల పందిరి కింద మోటార్లకు వైండింగ్ చేస్తున్నాడు. కూర్చుని చేసే పని కదా, అందుకే నేర్చుకున్నాడట. నన్ను చూసి మొహమంతా నవ్వే. "అగో, నా షాతిరా బిడ్డ అచ్చింది!" అని భార్యను కేకేశాడు. అత్త గారెలు పెట్టింది. చిన్న మనవడు ఉంటే వాణ్ని కూర్చోబెట్టి వరద కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. "ఈ అక్కనే తాళమేసింది. ఎంత గట్టి దిలో సూడు! పోలీసోళ్ల తీర్గ ఉన్నోడు అడిగితే మాఫీ అహద్ అన్నది. నేను లోపల్నుంచి ఇన్న. శెభాష్ బిడ్డా అనుకున్న."

ఆ పొగడ్త వింటూ కొరికిన గారె కంచంలో పెట్టేశాను. ఇక లాభం లేదని చెప్పేశాను. లారీ తలుపు మీద రాసింది చదివానని, వాళ్లు పోలీసులు కారని తెలిసిందని, చెవి నా చేతిలోనే ఉందని. లారీ వెంటనే పోలేదని.

మామ చేతిలో రాగి తీగ చుట్ట ఆగింది. "ఎక్కంగనే తోలుకపోయిండ్రు అన్నది గదా మీ అమ్మ?"

"లేదు మామా. పది నిమిషాలు ఆగింది. పావురాల కోసం."

"మన ఇంటి కాన్నే?"

"తలుపుకు ఎదురుగానే."

ఆయన చుట్ట కింద పెట్టాడు. కాలు లేని చోట లుంగీ సర్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇంజన్ సప్పుడు నాకు ఇనొచ్చింది బిడ్డా. పోలీసోళ్లు పోయిండ్రు, మీ నాయన ట్రాక్టర్ ఏస్కోని మల్లచ్చిండు అనుకున్న. బావ ఈడనే ఉన్నడు గదా, తీస్తడు అనుకున్న. అందుకే ఒర్రలే." నా వైపు తిరిగి, "ఒర్రితే ఇనబడుతుండెనా?" అని అడిగాడు.

వినబడేది. అంత దగ్గర. నేను అవునని తలూపాను.

అత్త గారెల గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మామ తీగ కొస వెతుక్కుని మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు తప్పింది, విప్పాడు, మళ్లీ చుట్టాడు. ఇన్నేళ్లూ ఆయన దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఊరట, చేయగలిగింది ఏమీ లేదు అన్నది. నేను పోయి దాన్ని కూడా తీసుకున్నాను. అమ్మ ఏం చెప్పిందో నాకు అప్పుడు అర్థమైంది.

"బస్సుకు యాల్లయితుంది. పో, బిడ్డా," అన్నాడు, తలెత్తకుండానే.

ఇన్నేళ్లలో ఫోన్ చేసినప్పుడల్లా, పండక్కి పలకరించినప్పుడల్లా, చివర ఆయన మాట ఒకటే ఉండేది, ఒకసారి ఇంటికి రా బిడ్డా అని. ఆ రోజు మళ్లీ రా అనలేదు. నేను బస్టాండు దాకా నడిచి వచ్చాను. ఇప్పటికి నెల దాటింది, ఆయన ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు.